తలుపు ముందు నిలబడ్డవాళ్ళు

ఆ మధ్యాహ్నం మెట్లు దిగుతూ చూశాను. మా మేడ కింది అంతస్తులో, నూటొకటో నంబరు తలుపు ముందు, సిరుతొక్ పళ్ళేలు వరసగా పేర్చి ఉన్నాయి. పదకొండు. కొత్త ఇంట్లో దిగినవాళ్ళు ఎర్రగింజల పొడి చల్లి ఆవిరి మీద ఉడికించిన ఆ పిండి ముక్కల్ని వేడి చల్లారకముందే ఇంటింటికీ పంచుతారు. తీసుకున్నవాళ్ళు పళ్ళెం ఖాళీగా తిరిగి ఇవ్వరు. రెండు కమలాలో, ఇంత కింఛీ పచ్చడో పెట్టి ఇస్తారు. ఆ పదకొండు పళ్ళేలూ వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. పైన కప్పిన ప్లాస్టిక్ కాగితం కూడా ఎవరూ విప్పలేదు. లోపల ఆవిరి నీటిచుక్కలై పట్టి ఉంది.

పన్నెండో పళ్ళెం నా గదిలో ఉంది. అది నేను తిన్నాను. గడియ పెట్టుకుని, ఎవరూ చూడకుండా, ఏడుస్తూ తిన్నాను.

ఓడరేవులో, ఫ్యాక్టరీల్లో పనిచేసే తమ్ముళ్ళారా, చదువుకునే పిల్లలారా! మీ సభలో నన్ను మాట్లాడమన్నారు. జనాన్ని చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది. అందుకే రాసి ఇస్తున్నాను. మీలో ఎవరైనా గట్టిగా చదవండి.

నూటొకటిలో దిగినవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు. యొన్‌మికి యాభై రెండేళ్ళు, దల్లేకి నలభై. ఇద్దరూ బుద్ధి ఎదుగుదల అందరిలా లేకుండా పుట్టినవాళ్ళు. దల్లే ముప్ఫై ఒక్క ఏళ్ళు, యొన్‌మి ఇంకా ఎక్కువ, దీవి మీది ఆశ్రమంలో గడిపారు. ఇనా అనే అమ్మాయీ, ఆమె సంఘమూ మూడేళ్ళు పోరాడి వాళ్ళని బయటికి తెచ్చారు. పగటిపూట ఇనా వచ్చి వంటకీ బజారుకీ తోడుంటుంది.

దల్లే నా కూతురు.

ఆ సంగతి మేడలో ఎవరికీ తెలియదు. కింద ఇల్లు ఖాళీ అయిందని ఇనాకి చెప్పింది నేనే. నా పేరు బయటపెట్టొద్దని ఒట్టు వేయించుకుందీ నేనే. నేను మేడ కప్పు మీది రేకుల గదిలో అద్దెకుంటాను. ఆ గది కట్టడానికే అనుమతి లేదు. నన్ను ఎవరైనా ఎప్పుడైనా పొమ్మనవచ్చు. బతుకంతా ఆ భయంతోనే మెట్లెక్కాను, దిగాను.

దల్లేకి తొమ్మిదేళ్ళప్పుడు ఓడలు కట్టే చోట నా మొగుడు పైనుంచి పడి చనిపోయాడు. నేను చేపల బజారులో తెల్లారకముందే కూర్చుని చేపలు కోసేదాన్ని. ఇంట్లో పిల్లని గుంజకి కట్టి వెళ్ళేదాన్ని. ఆశ్రమం మనిషి కాగితం తెచ్చి, "ఇక్కడ ముద్ర వెయ్యమ్మా, పిల్ల సుఖపడుతుంది" అన్నాడు. నాకు చదువు రాదు. నా పేరు చెక్కిన చెక్కముద్ర ఎర్రసిరాలో అద్ది వేశాను. లాంచీ మీద తీసుకెళ్ళి దీవిలో దించాను. వెనక్కి వచ్చేటప్పుడు కిటికీలోంచి చూస్తే అది రేవు మీద నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు. ఊపమని ఎవరూ చెప్పలేదు కాబోలు.

తర్వాత బస్సుల మీది బోర్డులు చూసి, చేపల పెట్టెల మీది చీటీలు చూసి, ఒక్కొక్క అక్షరమే పట్టుకున్నాను. చదవడం వచ్చాక పెట్టె అడుగునున్న ఆ కాగితం తీశాను. "ఇకపై ఈ పిల్లను చూడ్డానికి రాను, తీసుకుపోతానని అడగను" అని ఉంది. కింద నా ముద్ర.

ఆశ్రమంలో ఏ ఆడమనిషినైనా టీచర్ అనే పిలవాలి. దల్లే ఇప్పటికీ అంతే. మొదటిసారి మెట్ల మీద ఎదురుపడినప్పుడు నన్ను తేరిపార చూసి, "టీచర్, మీ చెప్పులు రెండూ వేరువేరుగా ఉన్నాయి" అంది. నిజమే. ఆమె వస్తుందన్న కంగారులో చూసుకోలేదు. ఆమె అన్న ఆ మాటనే వారం రోజులు దాచుకున్నాను.

ఆశ్రమంలో తలుపుల పిడి బయటివైపే ఉంటుంది. అందుకని సొంత ఇంట్లో కూడా దల్లే తలుపు దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని, "టీచర్, తలుపు తియ్యొచ్చా?" అని అడుగుతుంది. "నీ ఇల్లే దల్లే, పిడి తిప్పు" అంటుంది ఇనా. తిప్పదు. ఎవరో ఒకరు తీసేదాకా నిలబడుతుంది.

సిరుతొక్ పంచిన రోజూ అదే జరిగింది. ఒక్కో తలుపు ముందు పళ్ళెం పట్టుకుని నిలబడింది. బెల్లు నొక్కలేదు, పిలవలేదు, ఎవరైనా తలుపు తీస్తే పళ్ళెం చేతిలో పెట్టి వచ్చింది. రెండో అంతస్తులో బొంగ్‌సిమ్ తలుపు ముందు గంటకు పైగా నిలబడింది. బొంగ్‌సిమ్ ఒంటరిది, ఆఫీసు మేడల్లో చీపురు పట్టే మనిషి. చెత్త పారబోద్దామని తలుపు తీసి, ఎదురుగా కదలని మొహం చూసి కెవ్వున అరిచింది. ఆ కేక ఒక్కటి చాలు బ్యోన్ ఛైర్మన్‌కి.

బ్యోన్ మా వీధి మేడలు కూల్చి పెద్ద టవర్లు కట్టించాలనే కమిటీకి ఛైర్మన్. పదిహేనో తారీకున బిల్డర్ మనుషులు చూడ్డానికి వస్తున్నారు. "కింది అంతస్తులోనే ఇలాంటివాళ్ళుంటే వాళ్ళు గుమ్మంలోంచే తిరిగిపోతారు" అన్నాడు. మేడవాళ్ళందరి అభ్యంతరం ఉంటే ఆ ఇంటికిచ్చిన అనుమతి రద్దు చేసి ఇద్దర్నీ దీవికి పంపేస్తామని వార్డు ఆఫీసులో చెప్పారట. కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నా గదికీ ఎక్కాడు.

"అవ్వా, నీకు చదవడం రాదుగా, నే చెప్తాను. మన భద్రత కోసమే. ఇదిగో, ఇక్కడ ముద్ర కొట్టు."

"కళ్ళజోడు పెట్టుకోనీ బాబూ."

"దేనికవ్వా? ఈ గది సంగతి నేనెప్పుడైనా ఆఫీసులో ఎత్తానా? నా మీద నమ్మకం లేదా?"

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. మొదటి నుంచి చివరి దాకా చదివాను. చదివి, ముద్ర వేశాను.

అప్పుడు చదవడం రాక వేశాను. ఈసారి చదివి వేశాను. ఆ తేడా ఏమిటో నన్ను అడక్కండి.

మర్నాటి సాయంత్రం, వీధిలో ముసలివాళ్ళు కూర్చునే వృద్ధుల గదిలో మేడవాళ్ళ మీటింగు. నేలంతా జనం. ఇనా కూడా యొన్‌మినీ దల్లేనీ తీసుకుని వచ్చి వెనక కూర్చుంది.

బ్యోన్ లేచాడు. "ఎవరి మీదా మనకి కోపం లేదు. పాపం, ఈ పిల్లలకి అక్కడే సుఖం. సముద్రపు గాలి, వేళకి తిండి..."

"పిల్లలెవరు?" అంది యొన్‌మి. "నాకు యాభై రెండు. నీకెంత?"

"నలభై తొమ్మిది."

"అయితే అక్కా అను."

గది గొల్లుమంది. బ్యోన్ చెవులు ఎర్రబడ్డాయి. బొంగ్‌సిమ్ మాత్రం నవ్వలేదు.

"నవ్వండి, మీకేం? గంటసేపు నా తలుపు ముందు నిలబడింది. ఒంటరి ఆడదాన్ని, భయం ఉండదా?"

ఇనా లేచి తలుపుల పిడి సంగతి చెప్పింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు బయటి నుంచి ఎవరో తీస్తేనే తెరుచుకున్న తలుపుల సంగతి చెప్పింది. "మీ తలుపు మీరే తీస్తారని ఎదురుచూసింది అక్కా. చల్లారిపోతుందేమోనని పళ్ళెం కోటు కింద పెట్టుకుంది."

బొంగ్‌సిమ్ వెనక్కి తిరిగి దల్లేని చూసింది. తర్వాత తనలో తను అనుకున్నట్టు అంది, "నేనూ అంతే కదా. పెద్దసారు గదిలో మాటలయ్యేదాకా చీపురు పట్టుకుని బయట నిలబడతాను. తలుపు కొట్టకూడదు. దగ్గకూడదు. నన్ను చూసి కూడా ఎవరో ఎప్పుడో జడుసుకునే ఉంటారు."

"కథలొద్దు!" అన్నాడు బ్యోన్. "పదకొండిళ్ళూ, పైన అవ్వా, అందరూ ముద్రలు వేశారు. అయిపోయింది."

అప్పుడు నా కాళ్ళు లేచాయి. నేను లేవలేదు, కాళ్ళే లేచాయి.

"ఆ కాగితం ఇలా ఇవ్వు బాబూ. చదువుతాను."

"నీకు చదువెక్కడిదవ్వా?"

"చేపల పెట్టెల మీద చదువుకున్నాను. ఇవ్వు."

అందరూ విన్న పై మూడు లైన్లూ చదివాను. ఎవరూ వినని ఆఖరి లైనూ చదివాను. "నిర్మాణానికి ఆటంకమయ్యే నివాసితులను ఖాళీ చేయించుటకు మేము సమ్మతిస్తున్నాము."

"ఆటంకం అంటే ఎవరూ?" అంది బొంగ్‌సిమ్.

"ఇవాళ నూటొకటి," అంది ఇనా. "ఈ మేడలో సొంత ఇల్లున్నవాళ్ళు ఎందరు?"

రెండు చేతులు లేచాయి. మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నూటొకటివాళ్ళని తోలడానికి వేసిన ముద్రతో తమ సామాను కూడా వీధిలో పడుతుందని అప్పుడు తెలిసింది జనానికి.

"ఇంకొక మాట," అన్నాను. "దల్లే నా కూతురు. తొమ్మిదేళ్ళ పిల్లని దీవిలో వదిలేసి వచ్చాను. మళ్ళీ పంపమని నిన్న ముద్ర వేశాను. నా రేకుల గది పోతుందని వేశాను."

వెనక నుంచి దల్లే గొంతు వినిపించింది. "యొన్‌మి అక్కా, ఆ టీచర్ ఏడుస్తోంది."

అంతే. అమ్మ అనలేదు. నేనూ ఆశించలేదు.

ముద్ర వేసిన కాగితంలో తప్పు దిద్దాలంటే మా దగ్గర ఒక పద్ధతుంది. రెండు గీతలు కొట్టి, వాటి మీద మళ్ళీ అదే ముద్ర వెయ్యాలి. నా పేరు మీద రెండు గీతలు కొట్టి ముద్ర వేశాను. బొంగ్‌సిమ్ తన ముద్ర తేవడానికి పరుగెత్తింది. ఆమె వెనక మరో ఆరుగురు. నలుగురు కదల్లేదు. వాళ్ళలో ఇద్దరు నాతో ఇప్పటికీ మాట్లాడరు.

అందరి అభ్యంతరం ఉండాలన్న వార్డు ఆఫీసువాళ్ళే ఇప్పుడు నాలుగు ముద్రలు చాలన్నారు. పదిహేనో తారీకు పొద్దున ఆశ్రమం వ్యాను వచ్చింది. కూడా అధికారులు, పోలీసులు. మేము నూటొకటి తలుపు ముందు నిలబడ్డాం. నినాదాలు వద్దన్నది ఇనా. "దల్లేలాగా నిలబడదాం. కదలకుండా." పనికి పోవాల్సిన బొంగ్‌సిమ్ చీపురుతోనే వచ్చింది. ఊళ్ళోని ఇతర ఆశ్రమాల నుంచి బయటపడ్డవాళ్ళు పదిమంది వచ్చారు, వాళ్ళ తల్లులు వచ్చారు. చేతులు కట్టుకుని, మాట్లాడకుండా, మెట్ల దాకా నిలబడ్డాం. నా మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయి. గంటసేపు నిలబడటమంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

"ఏం కావాలి మీకు?" అన్నాడు అధికారి. ఎవరూ పలకలేదు. "మాట్లాడరేం?" మళ్ళీ ఎవరూ పలకలేదు. అతనికి చెమట పట్టింది.

ముందు ఇనాని లాగారు. తర్వాత బొంగ్‌సిమ్‌ని. ఆమె చీపురు విరిగింది. ఇద్దరు ఆడపోలీసులు నన్ను చంకల కింద చేతులేసి ఎత్తారు. "కాళ్ళు బిగబట్టకు అవ్వా, దెబ్బ తగుల్తుంది" అంది వాళ్ళలో చిన్నది. పోలీసు వ్యాను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. మళ్ళీ కిటికీ. మళ్ళీ వెనక్కి తిరిగి చూడటం. నాకు ఉప్పునీటి వాసన వచ్చింది, అక్కడ సముద్రం లేకపోయినా.

ఆశ్రమం నడిపే మనిషి మూసి ఉన్న తలుపు దగ్గరికెళ్ళి ముద్దుగా పిలిచాడు. "దల్లే, నేను. నేను తీసేదాకా లోపలే నిలబడు. ఎవరు పిలిచినా కదలకు. మంచిపిల్లవి కదూ?" తాళంచెవి కోసం అధికారి వైపు చెయ్యి చాచాడు.

పిడి తిరిగింది.

లోపలి నుంచి తిరిగింది. తలుపు తెరుచుకుని దల్లే గడప మీద నిలబడింది. తియ్యొచ్చా అని ఎవర్నీ అడగలేదు. అతన్ని పక్కకి తోసి, గుమ్మం మెట్లు దిగి, ఆశ్రమం వ్యాను ముందుకెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. వెనకే యొన్‌మి. వాళ్ళ వెనక మిగిలినవాళ్ళు. రెండో అంతస్తు కిటికీలోంచి చూస్తున్న ముసలాయన, ముద్ర చెరపని నలుగురిలో ఒకడు, చెప్పులు లేకుండా దిగివచ్చాడు.

మా వ్యాను కదిలింది. దల్లే నా వైపు చూడలేదు. తన ముందున్న వ్యాను వైపే చూస్తోంది.

ఆ వ్యాను ఖాళీగా తిరిగి వెళ్ళిందని స్టేషన్లో విన్నాను.

దీవి మీద ఇంకా నూట ఆరుగురున్నారు. ఈ కాగితం మీరు చదువుతున్న వేళకి కూడా వాళ్ళు తలుపుల లోపల చేతులు కట్టుకుని నిలబడే ఉంటారు. అక్కడి పిడి బయటివైపు ఉంది. బయట ఉన్నది మనం.