గోడ తాకని గుద్దు

నేను ఒక గుద్దుల సంచిని. నవ్వకండి. మీ ఇళ్ళలో బియ్యం సంచికీ ఉప్పు సంచికీ ఉండే మర్యాద నాకు లేదని నాకూ తెలుసు. నన్ను కుట్టిందే కొట్టడానికి. అయినా ఎవరి చెయ్యి ఎలాంటిదో తిన్నవాళ్ళకు తెలిసినట్టు చూసినవాళ్ళకు తెలియదు కదా. ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు లేక ఊరుకున్నాను. ఇప్పుడు మీరు దొరికారు, కూర్చోండి.

మొదట నేను తెరచాపని. విశాఖపట్నం తీరాన ఒక జాలరిపేటలో, తెప్ప మీద నిలబడి కడుపు నిండా గాలి తిని బతికాను. పడవలకు ఇంజన్లు రాగానే నన్ను దింపేశారు. మనుషులంతే, కొత్తది చప్పుడు చేస్తే పాతదాని మాట వినపడదు. తరవాత చిన్నమ్ములు అనే ముసలమ్మ చేతికి వచ్చాను. ఆవిడది ఎండుచేపల వ్యాపారం. మబ్బు పట్టిందంటే చాలు, ఆరబోసిన నెత్తళ్ళ మీద నన్ను కప్పేది. ఆ వాసన నా ఒంటినుంచి ఈనాటికీ పోలేదు. నన్ను గుద్ది ఇంటికి వెళ్ళే పిల్లల వెంట పిల్లులు పడేవి.

మూడో జన్మ అప్పలనరసయ్య మాస్టారు పుణ్యమా అని వచ్చింది. ఆయన కుర్రతనంలో బాక్సింగ్ ఆడి, ముందు పళ్ళు రింగులోనే వదిలేసి, పెట్టుడు పళ్ళతో పేటకి తిరిగొచ్చిన మనిషి. ఖాళీగా పడున్న తుపాను షెడ్డులో పిల్లలకి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. తోలు సంచి కొనే స్తోమత ఎక్కడిది? చిన్నమ్ములే నన్ను మడిచి, వలలు బాగుచేసే దారంతో గొట్టంలా కుట్టి, లోపల చిరిగిన వలలూ తన పాత చీరలూ రంపపు పొట్టూ కూరింది.

"కడుపు నిండా పెట్టేనురా నరసయ్యా. ఎవలు కొట్టినా ఇంక ఏడవదు" అంది. నిజమే, ఏడవలేదు.

మాస్టారికి ఒక గట్టి నమ్మకం ఉండేది. "అడుగులు నేర్పగలను, కాసుకోడం నేర్పగలను. గుద్దు మాత్రం నేర్పితే వచ్చీది కాదర్రా. అది తల్లి కడుపులోంచే రావాల" అనేవాడు. ఆ నమ్మకానికి తగ్గ ఆచారం ఒకటి పెట్టాడు. నా వెనక గోడకి ఎప్పటికప్పుడు సున్నం కొట్టించేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను ఒక్క గుద్దు గుద్దాలి. నేను ఊగి వెళ్ళి గోడకి తగిలి, వీపుకి సున్నం పూసుకొస్తే ఆ చేతిలో గుద్దు ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. జిల్లా పోటీలకు ఎవర్ని పంపాలో కూడా ఆ సున్నమే తేల్చేది.

బంగారీ నూకరత్నమూ ఒకే రోజు వచ్చారు. మేనత్త మేనమామ బిడ్డలు, ఒకే ఈడు, ఒకే బరువు. బంగారి నవ్వుతూ ఒక్కటి ఇచ్చింది. నేను వెళ్ళి గోడని ముద్దుపెట్టుకుని వచ్చాను. షెడ్డంతా ఈలలు. తరవాత చిన్నమ్ములు మనవరాలు నూకరత్నం పళ్ళు బిగబట్టి గుద్దింది. దోమ వాలిందేమో అనుకున్నాను.

"ఒదినా, నిద్దరపుచ్చుతన్నావేటే దాన్ని? జోల కూడా పాడీ!" అంది బంగారి.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వేదాన్నే, మూతి కుట్టేశారు గనక పరువు దక్కింది.

"నీకు గుద్దు నేదమ్మా" అన్నాడు మాస్టారు, మెల్లగానే. "అడుగులు నేర్పుతాను. బంగారికి తోడుగా ఆడుదువు గాని."

తోడుగా ఆడడమంటే బంగారి చేత దెబ్బలు తినడం. అంటే నా ఉద్యోగమే. కానీ ఆ పిల్ల కోరిక వేరు. పోటీల్లో, రింగు మధ్యలో నిలబడితే, మైకులో తన పేరు వినపడాలి. ఆ బరువులో పంపేదేమో ఒక్కరినే.

ఇక మొదలైంది. బంగారి మనసు పుడితే వచ్చేది, సున్నం పూయించి పోయేది. రత్నం మాత్రం వెలుగు రాకముందే నా ముందు ఉండేది. గోడ తాకించాలన్న ఆరాటంలో పడవని నీళ్ళలోకి నెట్టినట్టు ఒళ్ళంతా పెట్టి నన్ను నెట్టేది. మణికట్టు వాచేది, పసుపు రాసుకుని మళ్ళీ వచ్చేది. నాకు జాలేసేది. ఎందుకంటే ఆ పిల్ల సాధన చేస్తున్నది తప్పుని. తప్పుని ఎంత సాధన చేస్తే అంత గట్టిపడుతుంది, కాయ కాచిన చెయ్యిలాగ.

ఒకరోజు చిన్నమ్ములు మనవరాల్ని పనికి పిలవడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి చూసింది.

"ఒలే గుంటా, ఏటలాగ తోస్తన్నావు? నెత్తళ్ళు ఎత్తీసేక వల దులపవా? అప్పుడు తోస్తామేటి? ఇసిరి లాగుతాం. లాగినప్పుడే గదే ఇసక రాల్తాది!"

ఆవిడకి బాక్సింగ్ గురించి బెత్తెడు కూడా తెలీదు. పని ఆలస్యమవుతోందని కోపం, అంతే. రత్నం మాత్రం అలాగే నిలబడిపోయింది. తరవాత మడమ తిప్పి, నడుం తిప్పి, పిడికిలి విసిరి, విసిరినంత వేగంగానూ వెనక్కి లాగేసుకుంది. నేను ఉన్నచోటునుంచి కదల్లేదు. కానీ నా కడుపులో చిన్నమ్ములు పాత చీరలన్నీ ఉలిక్కిపడి లేచాయి!

ఒక్కసారి వచ్చిందని ప్రతిసారీ వస్తుందా? మర్నాడు మళ్ళీ దోమే. ఆ వానాకాలమంతా దోమ, దోమ, మధ్యలో ఎప్పుడో ఒక పిడుగు. చలి మొదలయ్యేసరికి దోమలు తగ్గాయి.

అక్కడే వచ్చింది చిక్కు. గుద్దు బాగుపడుతున్న కొద్దీ నేను ఊగడం మానేశాను. దెబ్బ నన్ను నెట్టడం లేదు, నాలోకి దిగుతోంది. చూసేవాళ్ళకి అదెలా తెలుస్తుంది? "సూసేవా, ఉన్న కాస్తా పోతంది" అని మాస్టారు తల పట్టుకున్నాడు. నా లోపల భూకంపాలు వస్తుంటే, నా వీపు తెల్లబడలేదని ఆయన విచారం.

ఎంపిక రోజు పేట సగం షెడ్డులోనే ఉంది. బంగారి గుద్దితే సున్నం పెచ్చు కూడా ఊడింది. రత్నం గుద్దితే నేను గోడ దరిదాపులకి పోలేదు, నేను వేలాడే గొలుసు మాత్రం గజ్జెల్లా గలగల్లాడింది.

"అయిపోనాది. బంగారి పేరు రాసీండి" అన్నాడు మాస్టారు.

రత్నం ముందుకొచ్చింది. "మాస్టారూ, ఒక్కసారి దాన్ని ఎనక నుంచి పట్టుకోండి. గోడకి కాదు, మీకు తగల్నీండి."

"ఊగనిదాన్ని పట్టుకోడమేటమ్మా?" అని నవ్వుతూనే ఆయన నన్ను రొమ్ముకి హత్తుకుని, దవడ ఆనించి నిలబడ్డాడు. ముందు బంగారి కొట్టింది. మాస్టారు ఒక అడుగు వెనక్కి జరిగి "బలే!" అన్నాడు. తరవాత రత్నం కొట్టింది. మాస్టారు అంగుళం కూడా జరగలేదు. ఆయన పెట్టుడు పళ్ళు మాత్రం నోట్లోంచి ఎగిరి నేల మీద పడి, గింగిరాలు తిరుగుతూ చిన్నమ్ములు కాళ్ళ దగ్గర ఆగాయి.

చిన్నమ్ములు వాటిని తీసి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.

"ఇంద నరసయ్యా. గుద్దు నేదన్నావు గదా, మరివి ఎలాగ ఊడొచ్చినాయి?"

మాస్టారు పళ్ళు జేబులో వేసుకుని, బోసినోటితోనే మళ్ళీ నన్ను హత్తుకున్నాడు. "మల్లీ కొట్టమ్మా" అన్నాడు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అడిగాడు.

అయినా న్యాయంగా ఉండాలని ఇద్దరినీ రింగులోకి దింపి ఆడించాడు. బంగారి నెట్టుడు గుద్దులకి రత్నం పక్కకి తప్పుకుంది, ఆ తప్పుకునే అడుగులు నేర్పింది ఆయనే కదా. తప్పుకుని ఒక్కటి దించింది. చివరికి బంగారే తన ముక్కు పట్టుకుని, రత్నం చెయ్యి పైకెత్తింది. "తీసుకెల్లండి మాస్టారూ దీన్ని. ఇక్కడుంటే నా మొకం ఉంచదు" అంది. అందరికన్నా గట్టిగా నవ్వింది కూడా.

రత్నం పోటీలకు వెళ్ళింది. మైకులో పేరు పిలిచారట, ఇంటిపేరు తప్పుగా పలికారట, అయినా కళ్ళనీళ్ళు వచ్చాయట. వెండి పతకంతో వచ్చింది. ఇక పేటలో మాటలు వినాలి! "పుట్టుకతో వచ్చిన గుద్దు" అన్నారు. "నా కడుపున పడ్డప్పుడే తన్నీసీది" అంది వాళ్ళమ్మ. మాస్టారైతే "మొదటి రోజే కనిపెట్టేను" అన్నాడు, పళ్ళు సర్దుకుంటూ. నన్ను సాక్ష్యానికి పిలవలేదు.

బంగారి మాత్రం ఆ మాటలు నమ్మలేదు. మర్నాటినుంచి వెలుగు రాకముందే రావడం మొదలుపెట్టింది. రత్నం నన్ను వెనకనుంచి పట్టుకుని, "లాగవే ఒదినా, లాగు!" అని అరిచేది. పుట్టుకలో ఏమీ లేదని నేను మాత్రం అనను. బంగారి భుజానికి ఈ లాగుడు కుదిరిన నాడు, ఒక్క గుద్దుకి నా పక్క కుట్టు పట్టున తెగి, రంపపు పొట్టంతా ఇద్దరి నెత్తినా పడింది. చిరిగినందుకు అంత సంబరపడ్డ సంచి మరొకటి ఉండదు.

ఇప్పుడు షెడ్డు మూల చదునుగా పడున్నాను. పిల్లలు నా మీద కూర్చుని చేతి పట్టీలు విప్పుకుంటారు. నా చోట నిగనిగలాడే తోలు సంచి వేలాడుతోంది. నిన్న అది బిగుసుకుని అడిగింది, ఈ పిల్లల్లో పుట్టుకతో వచ్చిన చెయ్యి ఎవరిదని.

"ముందు నాలుగు వానాకాలాలు దెబ్బలు తినమ్మా" అన్నాను. "తరవాత తీరిగ్గా మాట్లాడుకుందాం."