కుంగని కారు

మొండోడు రాజు కంటె బలవంతుడంటరు. నిజమే గాని, రాజుకు చార్జిషీటు ఇచ్చేటోడుండడు. రఘుపతికి ఇచ్చిండ్రు. ఇంకొక్క నాగా పెడితే బొగ్గుబాయి నౌకరి ఊడుతదని ఆఫీసరు మొఖం మీదనే చెప్పిండు. వాళ్ల నాయిన బాయిల పానం పోగొట్టుకుంటే వచ్చిన నౌకరి అది.

బసంత్‌నగర్ నుంచి డ్యూటీకి రఘుపతి తన చిన్నకారులనే పోతడు. వెంట బావమరిది శివ, ఇంకో ముగ్గురు దోస్తులు. అందరు ఎక్కంగనే కారు ఎనక కుంగి మూతి పైకి లేస్తది. చాయ్ హోటల్ కాడ పోరగాండ్లు పకపక నవ్వుతరు.

"ఇజ్జత్ పోతుంది బావా, ఎనక గట్టి స్ప్రింగులు ఏపియ్యరాదు?" అన్నడు శివ. అన్నదే ఆలస్యం, ఏపిచ్చిండు.

మెకానిక్ ముత్యం ఏసుకుంటనే చెప్పిండు. "అన్నా, ఇది కుంగకుండ ఆపుతది, గంతే. రేసు గట్టిగ తొక్కితే బరువు ఎనకకు పోవుడు పోతనే ఉంటది. ముందటి చక్రాలు తేలికైతయ్. నీ బండిని గుంజేటియి అవే. జారుడు మీద మెల్లగ తొక్కు."

"కుంగకపోతే బరువెట్ల పోతదిరా? నాకే పాఠాలా!" అని కస్సుమన్నడు రఘుపతి. మంచి చెప్పినోడి మీద మండుడు ఆయన గుణం, ఏం చేద్దాం!

తెల్లారి డ్యూటీకి పోంగ వాన. రైలుకట్ట కింది నుంచి పైకెక్కే కాడ లారీల బొగ్గుబురద పేరుకుంది. ముందటి లారీ ఆగితే ఈయన ఆగిండు. లారీ కదిలింది. డ్యూటీ టైమైతుందన్న ఫికర్ల రఘుపతి నిండా తొక్కిండు. చక్రాలు గిర్రున తిరిగినయ్ గాని బండి జరుగలే. మళ్ల తొక్కిండు. బురద అద్దం దాక ఎగిరింది. బండి ఎనక ఇసుమంత కుంగలే, ముందుకు ఇసుమంత పోలే.

"దిగి నూకుండ్రి!"

దిగిండ్రు. నూకుడు లేదు ఏం లేదు, ఎనక నుంచి ఆటో వస్తే ఎక్కి కూసున్నరు. ఏరు దాటినంక బోడ మల్లన్న అంటరు. వీళ్లు దాటేదాక గూడ ఆగలే! శివ ఆటోలకెళ్లి తల బయటపెట్టి "నువ్వు మెల్లగ రా బావా" అన్నడు.

ఆ మాటకు రఘుపతి మొండికేసి ఇంకా తొక్కిండు, ఇంకా తొక్కిండు. ఆఖరికి కాలు గుంజి, ఏడుపొచ్చి, పాదం సగం వదులు చేసిండు. అప్పుడు కారు ఏం ఎరుగనట్టు మెల్లగ పైకెక్కింది.

బాయి గేటు కాడికి వచ్చేసరికి హాజరు కిటికీ మూసిండ్రు. ఎంత బతిలాడినా తెరువలే. అవతల శివ నెత్తికి లైటు పెట్టుకొని బాయిలకు దిగబోతుండు. బావను చూసిండు, చూడనట్టు మొఖం తిప్పుకున్నడు.

ఇంటికి పోయి పెండ్లాం రమకు ఏమని చెప్పాలె? నీ తమ్మునికి హాజరు పడ్డది, నా నౌకరి పోయిందనాల్నా?

గేటు ముందర కారు సక్కగ నిలబడ్డది. డ్యూటీ దిగి పోయేటోడొకడు ఎనక వంగి చూసిండు.

"స్ప్రింగులు జబర్దస్తున్నయే అన్నా! ఎవరు ఏసిండ్రు?"

రఘుపతి ముత్యం పేరు నోట్లెనే మింగి, కారెక్కి మెల్లగ తొక్కిండు.