ఎడమ కొస

నడుముకు చెంగు బిగించి, కొడవలిని ఎడమ చేతిలోకి తీసుకుంది రిబ్కమ్మ. మంచుకు వరి దుబ్బులు ఇంకా తడిగా ఉన్నాయి. నగరం అనే ఊరి దగ్గరి ఆ చేలో పన్నెండుమంది ఆడవాళ్లు గట్టు వెంట వరుసగా నిలబడ్డారు. రిబ్కమ్మ చోటు ఎడమ కొస. మిగతావాళ్లంతా కుడి చేత్తో కోసి, కంకులు ఎడమకు పెట్టి పనలు పరుస్తారు. ఆమె మధ్యలో నిలబడితే పక్కమనిషి కొడవలీ ఆమె కొడవలీ తగులుకుంటాయి. అందుకే ముప్పై ఐదేళ్లుగా ఆమెకు ఎడమ పక్కన గట్టే తప్ప మనిషి లేదు.

ఆ ఏడు, ఎనభై ఆరులో, మేస్త్రిగా ఏసుబాబు కొత్తగా వచ్చాడు.

“పెద్దమ్మా, నువ్వియ్యాల గట్టు మీద కూర్చో. అరవై దాటినయ్యి. నువ్వు వెనకబడితే వరసంతా ఆగిపోద్ది.”

“ఇయ్యాల కూర్చుంటే రేపు పిలుస్తావా?”

ఏసుబాబు అవతలి గట్టు వైపు చూశాడు.

“మజ్జానానికి అవతలి గట్టెక్కుతా. అందరికన్నా ముందెక్కకపోతే రేపు పిలవమాక,” అని వంగింది.

చిన్నప్పుడు తల్లి ఆమె ఎడమ చేతిని పాతచీర పేలికతో నడుముకు కట్టేసేది. కుడి చేత్తో అన్నం తినడం అలా వచ్చింది. గుడిలో ప్రభువు రొట్టె అందుకోవడానికీ ఆ చేయే చాచేది. కోత మాత్రం దానికి పట్టుబడలేదు. అందరూ వాడే కొడవళ్లతో ఆమె ఎడమ చేతికి వరి తెగేది కాదు. పెళ్లయిన ఏడు భర్త అంద్రెయ తెనాలి వెళ్లి, నజీరుద్దీన్ కొలిమిలో కూర్చుని, పళ్లు రెండోవైపు కొట్టించి ఒక కొడవలి తెచ్చాడు. అప్పటినుంచి ఆమె ఎవరికీ వెనకబడలేదు. అంద్రెయ పోయాక ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసింది. రేకుల ఇల్లు వేసుకుంది. అంతా ఆ ఎడమ చేతి కష్టమే.

పొద్దెక్కేసరికి పక్కనున్న సారా నాలుగు బారలు వెనకబడింది.

“అత్తా, కాస్త ఆగవే.”

“గట్టెక్కి ఆగుతాలే.”

అన్నట్టే ముందుగా గట్టెక్కింది. బోదెలో కాళ్లూ చేతులూ కడుక్కుని, తుమ్మచెట్టుకు ఆనుకుని కూర్చుంది. చేను అవతలినుంచి ఏసుబాబు కేకేశాడు.

“రేపు రా పెద్దమ్మా.”

“రాక ఏం చేస్తా,” అంది రిబ్కమ్మ, తనకే వినపడేంత మెల్లగా.

సారా వచ్చేసరికి ఆమె కళ్లు మూసుకుని ఉంది. నిద్రపట్టిందనుకుని సారా నీళ్లు తాగింది, అన్నం మూట విప్పింది, అప్పుడు పిలిచింది. రెండోసారి పిలుస్తూ భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్లింకా వెచ్చగానే ఉంది.

నాలుగో రోజు కట్టలు కట్టడానికి అదే చేలోకి దిగారు. కోసి పరిచిన పనలు పదకొండు వరుసల్లో, కంకులు పడమటికి పెట్టి, ఎండకు ఆరుతున్నాయి. ఎడమ కొసన, గట్టు పొడవునా, ఒక్క వరుస కంకులు తూర్పుకు తిరిగి ఉన్నాయి.