ఆకువక్క మానేసిన పెట్టె

నేను ఒక ఇత్తడి ఆకువక్కల పెట్టెని. నన్ను చేసిన కంచరి ముసలాయన మూత మీద హంసలు చెక్కబోయి బాతులు చెక్కాడు. అయినా చీరాల నేతపేటలో నాలాంటి పెట్టె ఇంకోటి లేదని నా గర్వం. అత్తగారి చేతినుంచి నాంచారమ్మ చేతికొచ్చాను. మగ్గం దగ్గరైనా, పెళ్లిలోనైనా నేను పక్కన ఉండాల్సిందే. నోరు పండనిదే ఆవిడకి పొద్దు గడిచేది కాదు.

ఆవిడ కూతురు జబ్బుచేసి పోయింది. ఆ వెంటనే మనవరాలు కోమలికి పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేసి, హెచ్‌ఐవీ ఉందన్నారు. తల్లి నుంచే వచ్చిందట. రోజూ మాత్ర వేస్తే పిల్ల అందరిలాగే పెరుగుతుందట. నాంచారమ్మ ఇంటికి రాగానే నాలోని ఆకులూ వక్కలూ దొడ్లో పారబోసింది. ఆసుపత్రి డబ్బా కనబడితే పేటంతా ఆరా తీస్తుందని ఆవిడ భయం. మాత్రలు నాలో పోసి, గలగలమనకుండా పైన దూది కుక్కింది. ముసలమ్మ ఆకుల పెట్టెలో ఎవరు చెయ్యి పెడతారు! ఆకు ఎందుకు మానేశావంటే పంటినొప్పి అంది. పిల్లకేమో అవి బలం మాత్రలని చెప్పింది. నిజం దాచడానికి ఈ మనుషులు పడే పాట్లు చూస్తే మామూలుగా నాకు నవ్వొస్తుంది. ఆరోజు మాత్రం రాలేదు.

కోమలి ఏపుగా పెరిగింది. బడి కబడ్డీలో దానిదే పైచెయ్యి. ఇంత బలముంటే ఇంకా బలం మాత్రలెందుకని, మింగినట్టు నటించి కిటికీలోంచి విసిరేయసాగింది. ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేస్తే వైరస్ పెరిగిందన్నారు. గుచ్చి గుచ్చి అడిగితే మాత్రలు పారేస్తున్నానని పిల్ల ఒప్పుకుంది.

"ఇక పిల్లకి చెప్పాలి పెద్దమ్మా," అంది కౌన్సెలర్ కరుణకుమారి.

"చెప్పమాకమ్మా, నీకు దణ్ణం పెడతా. పసిది, తట్టుకోలేదు."

"ఎందుకు వేసుకోవాలో తెలియకే కదా పారేస్తోంది. ఇలాగైతే ప్రాణం మీదకొస్తుంది."

నాంచారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తలూపింది. కరుణకుమారి కోమలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏదీ దాచకుండా చిన్న చిన్న మాటల్లో చెప్పింది. ముసలమ్మ నన్ను ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

"అమ్మకీ ఇదేనా?" అని అమ్మమ్మని అడిగింది కోమలి.

"అవునే తల్లీ."

"అమ్మ ఈ మాత్రలు వేసుకోలేదా?"

"దానికి ఆలస్యంగా తెలిసిందే. అప్పటికే మించిపోయింది."

పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, నన్ను చేతిలోకి తీసుకుని, మూత తీసి దూది లాగేసింది.

"ఇంక పారేయను మేడం," అంది. అమ్మమ్మ వైపు తిరిగింది. "అయితే నీకు పంటినొప్పి లేదా?"

"పెట్టె ఖాళీ ఎక్కడుందే నాకు?" అంది నాంచారమ్మ.

అబ్బ, అప్పుడా పిల్ల చూసిన చూపు! ఎన్నో పెళ్లిళ్లు, ఎన్నో చావులు చూశాను గానీ, అంత పెద్ద మనసు ఆ చిన్న మొహంలో చూసి నా ఇత్తడి ఒళ్లు ఝల్లుమంది.

ఇప్పుడు మాత్రలు ఆసుపత్రి డబ్బాలోనే, అద్దం పక్కన ఉంటున్నాయి. ఎవరైనా వస్తే నాంచారమ్మ గబుక్కున దువ్వెన అడ్డం పెడుతుంది, కోమలి నవ్వుతుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ సాయంత్రమే పిల్ల అంగడికెళ్లి లేత ఆకులు తెచ్చి నన్ను నింపింది. ఒక ఆకుకి సున్నం రాసి, చుట్టి, అమ్మమ్మ నోట్లో పెట్టింది. తర్వాత గ్లాసుతో నీళ్లు తెచ్చుకుని, ఎదురుగానే కూర్చుని, తన మాత్ర మింగింది.