నలభై లెక్కపెట్టేలోగా

డాక్టరు పెట్టిన గడువుకి ఇంకా ముప్పై తొమ్మిది రోజులున్నాయి. సొలొమోను మాత్రం బందరు కాలువ లాకు గట్టు మీద నిలబడి నడుముకు తాడు కట్టించుకుంటున్నాడు.

ముడి బిగిస్తున్నవాడు అతని బావమరిది ఏసేబు. ఆ గజఈతగాళ్ల ఇళ్లలో అదొక కట్టుబాటు. నీళ్లలోకి దిగినవాడి తాడు బావమరిదే పట్టాలి. అక్క కాపురం తన గుప్పిట్లో ఉందని తెలిసినవాడు చచ్చినా ఏమరుపాటుగా ఉండడని పెద్దల నమ్మకం.

"చేతులు వణుకుతున్నాయేంటి బావా?"

"చలి."

"ఈ ఎండలో చలా!" ఏసేబు పకపకా నవ్వాడు.

సొలొమోను నవ్వలేదు. మూడు వారాల కిందట ఇదే లాకులో, జలుబుతోనే మునిగాడు. రెండు నిలువుల లోతున ఎడమ చెవి పట్టేసింది. ముక్కు మూసి ఎంత ఊదినా తెరుచుకోలేదు. వెనక్కి రావలసింది. ఇంకొక్క బార అనుకుని దిగాడు. చెవిలో ఠప్పుమంది. గట్టెక్కేసరికి మెడ మీదికి నెత్తురు కారుతోంది, తలలో ఒకటే హోరు.

గవర్నర్‌పేటలో డాక్టరు వెంకటకృష్ణారావు గారు నుదుటికి అద్దం కట్టుకుని చెవిలోకి చూశారు.

"పొర చిరిగింది. దానంతటదే పూడుతుంది, నువ్వు పూడనిస్తే. రెండు నెలలు చెవిలోకి నీటిచుక్క పోకూడదు. నూనె కూడా వద్దు. ఆ తర్వాత నేను చూడాలి. చిల్లు మూసుకుపోవాలి, ముక్కు మూసి మెల్లగా ఊదితే రెండు చెవులూ తేలిగ్గా తెరుచుకోవాలి. అప్పుడే మునగడం. జలుబుంటే అప్పుడూ వద్దు."

"ఈలోగా దిగితే ఏమవుద్దండీ?"

"చల్లటి నీళ్లు చిల్లులోంచి లోపలికి పోతాయి. కళ్లు తిరుగుతాయి. పైనేదో కిందేదో తెలీదు. గట్టు మీదైతే పడి లేస్తావు. నీళ్లలోనో?"

మార్త ఆ రోజునుంచి మొగుణ్ణి తలకు పోసుకోనివ్వలేదు. తడిగుడ్డతో ఒళ్లు తుడిచేది. ఏసేబు మాత్రం ఎగతాళి చేశాడు. "చెవులు కుట్టించుకోవడం లాంటిదే బావా, ఒక్కసారే నొప్పి. మీ నాయనకి రెండూ పగిలాయి. ఆ తర్వాతే కదా ఆయన ఎంత లోతుకైనా పోయింది!" ఆ ఇళ్లలో అందరి మాటా అదే. చెవి పగిలినవాడే అసలైన ఈతగాడు.

ఇవాళ పొద్దున లాకు తలుపు కింద తాటిదుంగ ఇరుక్కుంది. తలుపు మూసుకోదు, తెరుచుకోదు. పడవలు బారులు తీరాయి. మేస్త్రీ వెంకటప్పయ్య ఇంటికే వచ్చాడు. "దుంగకి మోకు తగిలించి వచ్చెయ్. లాగేది మేం. భయమైతే చెప్పు, రేపల్లె నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తా." మార్త ఇంట్లో లేదు. మేస్త్రీ వెంట వచ్చిన పడవవాళ్లు వింటున్నారు. భయమన్న మాట సొలొమోను నోట రాలేదు.

"రెండుసార్లు గుంజితే లాగుతా," అన్నాడు ఏసేబు. "గుంజకపోయినా నలభై లెక్కపెట్టి లాగుతా."

సొలొమోను మోకు కొస పట్టుకుని మునిగాడు.

మొదటి నిలువు దాటాక ముక్కు మూసి ఊదాడు. కుడిచెవి తెరుచుకుంది. ఎడమచెవిలోంచి గాలి బుస్సున బయటికి పోయింది. వెంటనే ఆ దారినే నీళ్లు లోపలికి దూరాయి. తలలోకి మంచు సూది దింపినట్టయింది.

కాలువంతా గిర్రున తిరిగింది.

లాకు గోడ రాయిని వాటేసుకున్నాడు. రాయి కూడా తిరుగుతోంది. మోకు చేయిజారింది. పైకి పోవాలని కాళ్లు గట్టిగా కొట్టాడు. తల మెత్తగా దేనిలోకో దిగబడింది. బురద! ముక్కులోకి, కళ్లలోకి బురద. పైకనుకుని అడుక్కి వచ్చాడు.

నడుం తాడు దొరకబుచ్చుకుని రెండుసార్లు గుంజాడు. కదల్లేదు. ఎక్కడో చిక్కుకుంది. అరిస్తే అంతే. పళ్లు బిగించాడు.

కాస్త గాలి వదిలాడు. బుడగలు గడ్డం మీంచి గొంతు మీదికి, గొంతు మీంచి రొమ్ము మీదికి, అక్కణ్ణించి కాళ్లవైపు పోయాయి. అంటే కాళ్లున్నదే పై వైపు. తల ఒప్పుకోలేదు. అటు పోతే పాతాళమేనని ఒళ్లంతా కేకలు పెడుతోంది. తలను నమ్మడం మానేశాడు. ఒళ్లు తిప్పుకుని, కళ్లు మూసి, తాడు వెంటే గుప్పిడి మీద గుప్పిడి వేసుకుంటూ పోయాడు. వేళ్లకు దుంగ తగిలింది. దాని పెచ్చులో తాడు ఇరుక్కుపోయి ఉంది. పైనుంచి ఎవరో పిచ్చిగా లాగుతున్నారు. రొమ్ము పగిలిపోతోంది. గోళ్లూడేలా పీకాడు. తాడు వదులైంది. మరుక్షణం నడుం తెగినట్టు లాగింది.

గట్టు మీద పడి కక్కుకున్నాడు. ఆకాశం ఇంకా తిరుగుతూనే ఉంది. పక్కన ఏసేబు చతికిలబడి ఉన్నాడు, అరచేతులు రెండూ చీరుకుపోయాయి.

"నలభై దాకా ఆగలేకపోయా బావా," అన్నాడు వగరుస్తూ. "ముప్పై రెండు దగ్గరే లాగా. తాడు రాలేదు. ఇంక నువ్వు రావనుకున్నా."

మేస్త్రీ వంగి చూశాడు. "మోకు తగిలించావా?"

ఏసేబు లేచి నిలబడ్డాడు. "మీరు దిగండి మేస్త్రీ గారూ. తాడు నేను పడతా."

మేస్త్రీ పడవలవైపు నడిచాడు.

సాయంత్రం డాక్టరు గారు చెవి చూసి తిట్టలేదు. "ఇవాళ్టి నుంచి మళ్లీ ఒకటో రోజు," అన్నారు.

గోడ పట్టుకుని నడుస్తూ ఇంటికొచ్చేసరికి మార్త గడపలో నిలబడి ఉంది. ఏసేబు భుజం మీది తాడు చుట్ట ఆమె చేతిలో పెట్టాడు.

"పెట్టెలో పెట్టి తాళం వెయ్యి అక్కా. చెవి పూడిందని డాక్టరు గారు నీతో చెప్పాకే తియ్యి. అందాకా ఎవరు పిలిచినా నేను తాడు పట్టను. నేను పట్టకుండా ఈయన దిగలేడు."

"నన్నడగవేంట్రా?" అన్నాడు సొలొమోను.

"నిన్నడిగితే చలి అంటావు."

సొలొమోను మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. ఇల్లు ఇంకా కొద్దికొద్దిగా తిరుగుతోంది.

"చలి కాదురా," అన్నాడు. "భయం."

మార్త పెట్టెకు తాళం వేసింది.