బదులు పలకని పెట్టె

నేను ఒక టేప్ రికార్డర్‌ని. ఒక రేకుల షెడ్డులో ఆడపిల్లలు పాడుకుంటూ నా మరలు బిగించారు. మొదట ఒక సంగీతం మాస్టారింట్లో ఉన్నాను. ఆయన పోయాక కొడుకు నన్ను తిరుపతి వైపు ఒక విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. అక్కడ చైనీస్ శాఖ అంటే ఒక గది, సుభాషిణి మేడం, నేను.

మేడం ఆ భాషను పుస్తకాల్లో నేర్చుకున్నారు. చైనా మనిషితో ఒక్కసారీ మాట్లాడి ఎరగరు. అందుకే క్యాసెట్ పెట్టేవారు. "తిన్నావా?" అని నేను చైనీస్‌లో అడిగితే, పిల్లలంతా "తిన్నావా?" అని నన్నే తిరిగి అడిగేవారు. ఆయుధపూజకు నాకూ కుంకుమబొట్టు పెట్టేవారు. నాకు గర్వం తక్కువేమీ కాదు.

ఇంతలో ఆ చుట్టుపక్కలకు ఫోన్ల ఫ్యాక్టరీలు వచ్చాయి. క్లాసులో ముందుండే చెంగల్రాయులు అక్కడ దుబాసీ ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్లాడు. చైనా సూపర్‌వైజర్ ఆప్యాయంగా "తిన్నావా?" అన్నాడట. వీడు చేతులు కట్టుకుని, గొంతెత్తి "తిన్నావా?" అన్నాడు. ఆయన మళ్లీ అడిగాడు. వీడూ మళ్లీ అడిగాడు. ఉద్యోగం రాలేదు. ఆ వారమంతా వాడు తలెత్తలేదు.

తర్వాత శాఖకు ఏం కావాలో తెలుసుకోవడానికి ఒక కమిటీ వచ్చింది. అది రాసేదాన్ని బట్టే శాఖ నిలవడమో మూతపడడమో. శాలువాలయ్యాక మేడంను తమ పక్కనే కుర్చీలో కూర్చోబెట్టుకుని, "ఏం లోటుందో చెప్పండి బాబూ" అని పిల్లల్ని అడిగారు. గురువు ఎదుట లోటు ఎవరు చెబుతారు? "అంతా బాగుంది సార్" అన్నారు. మేడంను అడిగితే, పెద్దల ముందు ఆవిడా "ఏమీ లేదండి" అన్నారు. మర్యాదకు మర్యాద సరిపోయింది. పెన్నులు జేబుల్లోకి వెళ్లాయి.

మేడం చెంగల్రాయులు వంక చూశారు. లేచి, ఆ కుర్చీ వదిలి, వెళ్లి వాడి బెంచీ మీద కూర్చున్నారు.

"ఇక్కణ్ణించి చెప్తానండి. నాకు చదవడం వచ్చు, మాట్లాడటం రాదు. ఎదుటివాళ్లు అడిగితే నాకూ నోరు పెగలదు. నన్ను పంపించి నేర్పించండి. ఈలోపు పిల్లలకి మాట్లాడే మనిషిని ఇవ్వండి."

చెంగల్రాయులు మెల్లగా లేచి నన్ను చూపించాడు.

"ఆ పెట్టె చెప్తానే ఉంటాది సార్. మనం అడిగితే పలకదు. మాకు పలికే మనిషి కావాల."

నాకు చాలా బాధేసింది. కానీ వాడి మాటలో అబద్ధం లేదు.

కమిటీ పెన్నులు మళ్లీ తీసింది. మేడంను శిక్షణకు పంపారు. ఒక చైనా టీచరమ్మ వచ్చింది. నన్ను విరిగిన కుర్చీలతో పాటు పక్క గదిలో పడేశారు. ఏడాది తిరగకముందే మేడం తిరిగొచ్చారు. ఆ ఉదయం గోడ అవతల ఆమె గొంతు చైనీస్‌లో "తిన్నావా?" అంది.

"ఇంకా లేదు మేడం, మీరో?" అని చెంగల్రాయులు అదే భాషలో అన్నాడు.

అన్నేళ్లు నేనడిగిన ప్రశ్నకు జవాబు అదని నాకు ఆ రోజే తెలిసింది.