సుత్తికి సుత్తి జవాబు

పిచ్చియ్య తాతను రాళ్ల ట్రాక్టర్లోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. క్వారీలో రాతిపలక మీద పడి రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. ట్రాక్టరు గేటు దాటకముందే కాంట్రాక్టరు సాంబశివరావు గడియారం చూసుకున్నాడు.

"చూసింది చాలు, దిగండి! లారీ నిండాల."

ఎవరూ కదల్లేదు. లారీకి రాళ్లెత్తే బిందుకు ఒళ్లు మండిపోయింది. ఆ రాయి ఊరికే పడలేదు, పడేలా చేశారు.

మాచవరం దగ్గర ఆ నాపరాయి క్వారీలో తాతలనాటి పద్ధతొకటి ఉంది. రాతిగోడ కిందికి దిగేముందు ఒకరు ఈ కొసన సుత్తితో కొట్టాలి. జోడీ మనిషి ఆ కొసన చెవి ఆనించి వినాలి. కంగున మోగితే గట్టి రాయి. డొల్లగా పలికితే లోపల చీలిందన్నమాట. అప్పుడు విన్న మనిషి తన సుత్తితో మూడు దెబ్బలు కొట్టాలి. మూడంటే దిగొద్దని.

బిందు, శివనాగరాజుల ప్రేమ ఆ దెబ్బలతోనే మొదలైంది. కొత్తగా చేరిన రోజు అతను తొందరపడి దిగబోతుంటే ఆమె మూడు కొట్టింది. అతను వినిపించుకోలేదు.

"ఏందిరా, చెవుడా? చస్తావా?" అని అరిచింది.

అతను ఆగాడు. దిగబోయిన చోటే సాయంత్రానికి పలక ఊడిపడింది. మర్నాటి నుంచి ఆమె తప్ప వేరే జోడీ వద్దన్నాడు. ఏడాది తిరగకుండానే ఆ జోడీ ఒక ఇంటిదైంది. మూడు ముళ్లకంటే మూడు దెబ్బలు ముందు పడ్డాయని క్వారీ అంతా ఆటపట్టించింది.

ఈ ఎండాకాలం సాంబశివరావు జోడీలను విడగొట్టాడు. రాళ్లకు చెవులు పెట్టుకు కూర్చుంటే లారీలు నిండవట! బిందును లోడింగుకు తోశాడు. ఈ పొద్దున పిచ్చియ్య తాత ఒక్కడే గోడను కొడితే ఆమెకు అక్కడిదాకా డొల్ల పలుకు వినబడింది. కేక వెయ్యాల్సింది. చేతిలో సుత్తి ఉంటే నోటికంటే ముందు అదే లేచే అలవాటు. లారీ రేకు మీద మూడు కొట్టింది. అది లోడింగు చప్పుడనుకుని పిచ్చియ్య దిగాడు.

"నేనే చంపుకున్నంత పని చేశా," అని బిందు బావురుమంది.

"నువ్వు కొట్టావే తల్లీ. వినే మనిషిని లేకుండా చేసింది వాడు," అంది క్వారీలో అందరికన్నా పెద్దదైన చెన్నమ్మ.

"పని మానితే పూటెట్టా గడిచిద్ది?" అని తోటి కూలీ వెంకట్ గొణిగాడు.

శివనాగరాజు విసురుగా తిరిగాడు. "పలక మీద పడ్డాక తినే నోరేడుండిద్దిరా? అయ్యా, జోడీలు కలిపిందాకా ఎవరం దిగం!"

"మీరు కాకపోతే బొల్లాపల్లోళ్లు దిగుతారు," అంటూ సాంబశివరావు ఫోన్ తీశాడు.

బొల్లాపల్లి కూలీల ఆటో కంటే పోలీసు జీపే ముందొచ్చింది. కూలీలను రెచ్చగొట్టాడని శివనాగరాజును కాలరు పట్టి ఎక్కించారు. బిందు అడ్డం పడితే పక్కకు నెట్టేశారు. జీపు కదిలింది. వెంకట్ తలొంచుకుని క్వారీలోకి ఒక అడుగు వేశాడు. అదే అందరి భయం, ఒకడు దిగితే అందరూ దిగుతారు.

అప్పుడు జీపులోంచి రేకు మీద పిడికిలితో కొట్టిన చప్పుడు వినబడింది. మూడు.

బిందు కన్నీళ్లు తుడుచుకుని సుత్తి ఎత్తింది. రాతి మీద మూడు కొట్టింది. చెన్నమ్మ కొట్టింది. దిగబోయిన వెంకట్ వెనక్కొచ్చి అందరికంటే గట్టిగా కొట్టాడు. క్వారీ క్వారీ అంతా మోగిపోయింది.

అంతలో బొల్లాపల్లి ఆటో గేటు దగ్గర ఆగింది.

"చూస్తారేంది, రండి!" అని సాంబశివరావు అరిచాడు.

వాళ్లూ రాళ్లు కొట్టి బతికేవాళ్లే, మూడు దెబ్బల అర్థం తెలిసినవాళ్లే. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు కూర్చున్న ఆడమనిషి సంచిలోంచి సుత్తి తీసి ఆటో రేకు మీద మూడు కొట్టింది.

ఈసారి అది లోడింగు చప్పుడని ఎవరూ అనుకోలేదు.